నత్తనడక వెనుక చరిత్ర

2011లో కొత్త ల్యాప్‌టాప్ కొని పాత సూపర్ నింటెండో ఆటొకటి ఆడబోయాను. ఎమ్యులేటరు నత్తలా నడిచింది, శబ్దం తెగితెగి వచ్చింది. వెనుకటి నాసిరకం కంప్యూటరులో పరుగెత్తిన ఆట ఇక్కడ కుంటడమేమిటి? యంత్రాన్నే అనుమానించాను. చరిత్ర తిరగేస్తే తప్పు నా అంచనాదని తేలింది.

నేను మునుపు వాడినది 1997లో వచ్చిన జెడ్‌స్నెస్. నాటి కంప్యూటర్ల వేగం కొన్ని వందల మెగాహెర్ట్జ్‌లే గనుక, అది కాలపు లెక్కలను ఉజ్జాయింపుగా వేసి ఆట నడిపించేది. 2004లో మొదలైన బీస్నెస్ దారి వేరు. 1990లో జపానులో విడుదలైన ఆ ఆటయంత్రపు ప్రాసెసర్ వేగం గరిష్ఠంగా 3.58 మెగాహెర్ట్జ్. దానిలోని చిప్‌ల కదలికలను లెక్క తప్పకుండా అనుకరించడానికి మాత్రం దాదాపు 3 గిగాహెర్ట్జ్ కావలసివచ్చింది. ఒక చిప్ మరొకదాని కోసం అనుక్షణం ఆగవలసిందే గనుక, కోర్లు ఎన్ని ఉన్నా ఆ పనిని పంచడం కుదరదు.

ఇంత చాదస్తం దేనికి? స్పీడీ గొంజాలెస్ ఆటలో ఒక మీట నొక్కితే పాత ఎమ్యులేటర్లు బిగుసుకుపోయేవి. వాటిపైనే సరిచూసుకుంటూ అభిమానులు చేసిన అనువాదాలు కొన్ని అసలు యంత్రంపై నడవనే లేదు. నకలులోని తప్పే మూలమై కూర్చుంది. లేఖకుల పొరపాట్లు పాఠాంతరాలైన తాళపత్రాల కథ మనకు కొత్తదా?

చివరికి వేగానికి మొగ్గిన బీస్నెస్ కూర్పుతో ఆట ముగించాను. కానీ నత్తనడక కూర్పునూ భద్రంగా దాచుకున్నాను. అసలు యంత్రాలు అరిగిపోయిన నాడు సాక్ష్యం చెప్పవలసినది అదే!