ఒట్టుకీ తిట్టుకీ దేవుడే ఎందుకు?

మా డెస్కులో నాకొక దోస్త్ ఉన్నాడు. పుట్టింది మనలాంటి ఇంట్లోనే. కాలేజీ రోజుల్లో ఎర్రజెండా పట్టుకున్నాడు. ఖుదా మీద యకీన్ లేదని పదిమందిలో చెప్పేస్తాడు. ఒకరాత్రి పేజీలో తప్పు దొర్లింది. అందరూ తన వైపు చూసేసరికి, "అల్లా కసం భాయ్, ఆ హెడ్డింగ్ నేను పెట్టలేదు!" అన్నాడు. డెస్కంతా నవ్వు. వాడు కాస్త సిగ్గుపడి, "మరేం చెయ్యను? మార్క్స్ కసం అంటే మీలో ఎవడు నమ్ముతాడు?" అన్నాడు.

నవ్వులాటకి అన్నా అసలు జవాబు అందులోనే ఉంది. ఒట్టుకి వజన్ ఇచ్చేది చెప్పేవాడి ఈమాన్ కాదు, వినేవాడి భయభక్తులు.

తిట్టుదీ ఇదే కథ. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ రాష్ట్రం ఉంది. 1960ల దాకా అక్కడ బడులు, ఆస్పత్రులు చాలావరకు కేథలిక్ చర్చి చేతిలో ఉండేవి. ఇంటి విషయాల్లోనూ పాద్రీ మాటే నడిచేది. అక్కడి పెద్ద తిట్లు ఏమిటో తెలుసా? తబర్నాక్, కాలిస్, ఓస్తి. మొదటిది చర్చిలో పవిత్రమైన రొట్టెను దాచే పెట్టె, రెండోది ద్రాక్షారసం పోసే పాత్ర, మూడోది ఆ రొట్టే. బూతేమీ లేదు, అన్నీ ఇబాదత్ సామాన్లే! ఏ చేతి కింద బతుకు నలిగిందో ఆ చేతిలోని వస్తువే గుస్సా వచ్చినప్పుడు నోటికి వచ్చింది. 1960ల తర్వాత చర్చి పట్టు సడలింది, బెంచీలు ఖాళీ అయ్యాయి. తిట్లు మాత్రం పోలేదు. చర్చి గడప తొక్కని కుర్రాడు కూడా వేలికి సుత్తి దెబ్బ తగిలితే 'తబర్నాక్' అంటాడు. అకీదా పోయినా జబాన్‌లో లఫ్జ్ మిగిలింది.

మనం మాత్రం తక్కువా? దేవుడు లేడనే తెలుగువాడు కూడా కోపమొస్తే "నీ తద్దినం పెట్ట" అంటాడు, "నీ పిండం కాకులకు పెట్ట" అంటాడు. తద్దినాల మీద నమ్మకం ఉండి కాదు, ఆ మాట తగలాల్సిన చోట తగులుతుందని. మన దక్కనీ ఆడవాళ్ల 'మాటీమిలే'లో ఉన్నదీ ఖబర్ మట్టే కదా!

ఇక హలఫ్ తారీఖ్ చూడండి. 1880లో ఇంగ్లండులోని నార్తాంప్టన్ నుంచి చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తికుడు పార్లమెంటుకి గెలిచాడు. దేవుడి పేరు లేకుండా ప్రతిజ్ఞ చేస్తానన్నాడు, కుదరదన్నారు. సరే, మీ మాటలే పలుకుతానన్నాడు, నువ్వు నమ్మవు గనక అదీ చెల్లదన్నారు. ఒకరాత్రి పార్లమెంటు గడియారం బురుజులో ఖైదు కూడా చేశారు. ఖాళీ అయిన ఆ సీటుకే మళ్లీ మళ్లీ గెలిచి, చివరికి 1886లో సభలో కూర్చున్నాడు. 1888లో దేవుడి ఊసు లేని ప్రతిజ్ఞకు చట్టం తెచ్చాడు. మరుసటి ఏడు బొంబాయి కాంగ్రెస్ సభకీ వచ్చాడు. 1891లో ఆయన చనిపోతే లండన్‌లో చదువుకుంటున్న గాంధీజీ అంత్యక్రియలకు వెళ్లారు.

మన దేశంలో కథ తిరగబడి ఉంది. కంపెనీ కోర్టుల్లో గవాహీ చెప్పాలంటే హిందువు గంగాజలం మీద, ముసల్మాను ఖురాన్ మీద ప్రమాణం చేయాలి. 1840 నాటి ఐదో చట్టం దాన్ని తీసేసింది. అలా ప్రమాణం చేయించడం వాళ్ల మనస్సాక్షిని నొప్పిస్తోందని, దానివల్ల ఇన్సాఫ్‌కే అడ్డు పడుతోందని ఆ చట్టంలోనే రాసుకున్నారు. ప్రమాణం బదులు ప్రతిజ్ఞ చేసే సదుపాయం ఇక్కడ నమ్మినవాళ్లకు 48 ఏళ్ల ముందే దొరికింది. నమ్మారు కాబట్టే ఆ గంగాజలాన్నీ ఆ ఖురాన్‌నీ కచేరీలోకి లాగడానికి జంకారు.

మరి మన సంగతి? చిన్నప్పుడు గల్లీలో ఆడుకునేటప్పుడు నాకు కసం కంటే ఒట్టే నచ్చేది. మాట తప్పితే "ఒట్టు తీసి గట్టున పెట్టు" అంటే చాలు, ఖర్చు లేదు. ఇంట్లో అమ్మీ దగ్గర అలా నడవదు. కసం తిని తప్పితే కఫ్ఫారా ఉంది: పదిమంది మిస్కీన్లకు అన్నమో బట్టలో ఇవ్వాలి, స్తోమత లేకపోతే మూడు రోజాలు. బేఖయాల్‌గా నోరు జారిన కసమ్‌కు పట్టింపు లేదని కూడా ఆమే చెప్పేది.

మొన్న ఫోనులో ఒకరితో, "వల్లాహ్, దారిలో ఉన్నా" అన్నాను. నేనున్నది ఇంట్లో, చాయ్ ముందు. ఎదురుగా కూర్చున్న మా అబ్బాయి ఏమీ అనలేదు, చూశాడంతే. నోరు జారలేదు, తెలిసే చెప్పాను. తెలిసి తిన్న ఝూటా కసమ్‌కు మన హనఫీ ఫిఖాలో కఫ్ఫారా కూడా లేదు, తౌబా ఒక్కటే. ఆ రాత్రి డెస్కులో నా దోస్త్ చెప్పింది మాత్రం నిజమే. ఆ హెడ్డింగ్ వాడు పెట్టలేదు.