ఒక బోరు, రెండు ట్యాంకులు: మోటారు వాల్వు బిగించేదెలా?

ఫజర్‌కు లేచి వజూకు కుళాయి తిప్పితే చుక్క రాదు. పక్క పోర్షన్ ట్యాంకు మాత్రం పొంగి మిద్దెమీద పారుతుంటుంది. ఒకే బోరుతో రెండు ట్యాంకులు నింపే ఇళ్లలో ఇది మామూలే. చేత్తో తిప్పే ఆ పనిని మూడు దారుల మోటారు వాల్వు చేసిపెడుతుంది. ఈతకొలనుల్లో నీళ్లు మళ్లించేదీ ఈ రకమే.

కొనేటప్పుడు వోల్టేజి చూడండి. 24 వోల్టుల దానికి 230 ఇస్తే కాలిపోతుంది. వాల్వుకు మూడు వైపులా యూనియన్లు వేయించండి, విప్పదీయడానికి. మోటారు పెట్టె పైపు కింద వేలాడకూడదు. కారిన నీళ్లు అందులోకే పోతాయి.

అసలు పని సర్దుబాటులో ఉంది. మూత తీస్తే ఇరుసు మీద రెండు క్యాములు, వాటి పక్కన చిన్న స్విచ్చులు కనిపిస్తాయి. వాల్వు ఎక్కడ ఆగాలో చెప్పేవి ఇవే. కొంచెం ముందే ఆగితే రెండో ట్యాంకులోకి నీళ్లు జారుతూనే ఉంటాయి. మెయిన్ ఆఫ్ చేసి, క్యామును కొద్దికొద్దిగా జరిపి, మళ్లీ తిప్పి చూడాలి.

బోరు నడుస్తుండగా వాల్వు తిప్పకండి. కొన్ని రకాల్లో సగం దారిలో రెండు వైపులా మూసుకుంటాయి, అతుకులు ఊడొచ్చు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఇంకో బెడద సున్నం. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది మన సున్నపురాయి వల్లే కదా! బోరునీటి సున్నం లోపలి గుండుకు పేరుకుని పట్టేస్తే, తిరగలేక మోటారే కాలుతుంది. వాడకున్నా వారానికోసారి అటూఇటూ తిప్పండి.