విశాఖపట్నం పక్షి వీక్షణం
ఓడరేవు, ఉక్కు కర్మాగారం గల విశాఖ తీరంలోను, దాని వెనుకనున్న తూర్పు కనుమలలోను పక్షులను సహజ ఆవాసాలలోనే చూసి, గుర్తించి, నమోదు చేసే పరిశీలనను విశాఖపట్నం పక్షి వీక్షణం అంటారు. నగరాన్ని ఆనుకొని సుమారు 71 చదరపు కిలోమీటర్లున్న కంబాలకొండ అభయారణ్యం, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో చేరిన కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు దీని ముఖ్య క్షేత్రాలు.

ఈ అధ్యయనానికి గట్టి పునాది వేసినవారు స్థానిక ప్రకృతి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు. అమెరికన్ పక్షిశాస్త్రజ్ఞులు ఎస్. డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్‌లతో కలిసి ఆయన రచించిన విశాఖ కనుమల పక్షుల వివరణ 1987–88లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడింది. అడవి అడుగున పొదలలో మసలే గోధుమవన్నె, పొట్టితోక అబ్బాట్ బాబ్లర్ ప్రధానంగా హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా వరకు కనిపించే పక్షి కాగా, ఈ కనుమలలో విడిగా మిగిలిన దాని ఉపజాతికి, అనగా ప్రాంతీయ భేదానికి, రిప్లీ, బీలర్‌లు 1985లో కృష్ణరాజు పేరిట ‘కృష్ణరాజుఐ’ అని నామకరణం చేశారు.