ఇఫ్ తరువాత సెమికోలన్: ఒక దోషం చరిత్ర

షరతు వాక్యాలలో విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉంది. ఇఫ్ షరతు బ్రాకెట్టు మూసిన వెంటనే సెమికోలన్ పెట్టడం. పీహెచ్‌పీలో ఒకప్పుడు ఇది సరైన ప్రయోగమే. అది ఎందుకు దోషమైందో తెలుసుకుంటే దాన్ని సరిదిద్దడం మీకు సులభమవుతుంది.

తొలి దశ

రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన వెబ్ పేజీ కోసం సీ భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాములే పీహెచ్‌పీకి మూలం. 1995లో వాటిని అందరికీ విడుదల చేశాడు. తరువాత వచ్చిన పీహెచ్‌పీ/ఎఫ్‌ఐ 2లో కర్లీ బ్రాకెట్లు లేకుండా షరతు రాసే పద్ధతి ఉండేది. ఇఫ్ షరతు తరువాత, ఎల్స్ తరువాత సెమికోలన్ పెట్టి, చివర ఎండిఫ్‌తో ముగించేవారు.

1998 నాటి మార్పు

ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌లో చదువుతున్న ఆండీ గుట్‌మన్స్, జీవ్ సురాస్కీలు పార్సర్‌ను, అంటే ప్రోగ్రాము వాక్య నిర్మాణాన్ని గుర్తించే భాగాన్ని, కొత్తగా రాశారు. అది 1998 జూన్‌లో పీహెచ్‌పీ 3గా వెలువడింది. పాత పద్ధతిని కొనసాగిస్తే పార్సర్ మరీ జటిలమవుతుంది. అందుచేత ఆ సెమికోలన్ల స్థానంలో కోలన్ వచ్చింది. ఎండిఫ్ తరువాత మాత్రం సెమికోలన్ నిలిచింది.

దోషాన్ని గుర్తించడం

మార్కులు 35 లేదా అంతకు మించితే ‘ఉత్తీర్ణులు’, లేకపోతే ‘అనుత్తీర్ణులు’ అని చూపాలనుకోండి. షరతు తరువాత సెమికోలన్ పెడితే అది ఖాళీ వాక్యమవుతుంది. ఇఫ్ అక్కడే ముగుస్తుంది. కింద ఉన్న ఎల్స్‌కు జత ఇఫ్ ఉండదు. కాబట్టి పార్సర్ ఎల్స్ ఉన్న వరుస సంఖ్యను చూపుతుంది. అసలు దోషం ఆ పైన ఉంది.

ఎల్స్ లేకపోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. దోష సందేశమే రాదు; 20 మార్కులు వచ్చినవారు కూడా ఉత్తీర్ణులవుతారు!

2020లో వచ్చిన పీహెచ్‌పీ 8కు ముందు దోష సందేశాలలో ‘టీ_ఎల్స్’ వంటి పార్సర్ అంతర్గత పేర్లు కనిపించేవి. ఇప్పుడు ‘ఎల్స్’ అనే చూపుతుంది. సందేశం సరళమైంది కాని, అది చెప్పేది నేటికీ పార్సర్ ఆగిన చోటు మాత్రమే. కనుక ఆ వరుస నుంచి పైకి చదువుతూ వెళ్లండి. షరతు తరువాత సెమికోలన్ కనిపిస్తే తొలగించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎండిఫ్ పద్ధతిలో 1998లో వచ్చిన మార్పు ఏమిటి?
2. ఎల్స్ లేని షరతులో ఈ దోషాన్ని పార్సర్ ఎందుకు పట్టుకోలేదు?