ఈ గోడ ఎవరిది? బెర్లిన్ నుంచి మందస కొండల దాకా

ఈ ఎపిసోడ్‌లో గోడ మీద బొమ్మల గురించి మాట్లాడుకుందాం. స్ట్రీట్ ఆర్ట్ అనగానే మనకి న్యూయార్క్, లండన్, స్ప్రే డబ్బాలు గుర్తొస్తాయి. కానీ పలాస స్టేషన్‌లో దిగి పడమర వైపు చూస్తే కనపడే కొండల్లో, స్ప్రే డబ్బా పుట్టకముందే గోడ మీద బొమ్మ ఉంది. దానికి రూల్స్ కూడా ఉన్నాయి. ఆ రూల్స్ కథే ఇవాళ్టి టాపిక్.

ముందు బెర్లిన్ సంగతి చెప్తాను. కిందటేడు మేం నలుగురం వెళ్లాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా గుంట, మా అమ్మ. అక్కడ ఫ్యామిలీలకి స్ట్రీట్ ఆర్ట్ వర్క్‌షాప్‌లు పెడతారు. మాస్క్, గ్లోవ్స్ ఇస్తారు. అట్ట మీద బొమ్మ గీసి కత్తితో కోసి, ఆ స్టెన్సిల్‌ని గోడకి ఆనించి రంగు కొట్టాలి. డబ్బా మరీ దగ్గర పెడితే రంగు కారిపోతుంది, దూరం పెడితే పొగలాగా పోతుంది. మా అమ్మ మాత్రం స్టెన్సిల్ పక్కన పెట్టేసి, జానతో కొలుచుకుని చుక్కలు పెట్టి, స్ప్రేతోనే మెలికల ముగ్గు తిప్పేసింది. ఉద్దానంలో రోజూ వాకిట్లో వేసిన చెయ్యి కదా మరి!

నేర్పించే అబ్బాయి డబ్బా ముట్టుకోనివ్వకముందే అందరినీ ఒక ప్రశ్న అడిగాడు: "ఈ గోడ ఎవరిది?" ఓనర్ పర్మిషన్ ఉంటే అది ఆర్ట్, లేకపోతే పోలీస్ కేసు. పర్మిషన్ ఉన్న గోడల్లో పెద్ద పేరున్నది ఈస్ట్ సైడ్ గ్యాలరీ. బెర్లిన్ గోడ పడిపోయాక, 1990లో 21 దేశాల నుంచి 118 మంది ఆర్టిస్టులు మిగిలిన ముక్క మీద బొమ్మలు వేశారు. పొడవు 1.3 కిలోమీటర్లు. మనుషుల్ని విడదీసిన గోడని వాళ్లు బొమ్మల కోసం కాపాడుకుంటున్నారు.

ఆ రాత్రి మా గుంట అడిగింది, "నాన్నమ్మా, మన దగ్గర గోడల మీద ఎవరేస్తారు?" అమ్మ వెంటనే, "కొండమీద సవరలు వేస్తారమ్మా" అంది. మందస, మెళియాపుట్టి వైపు కొండల్లో ఉండే సవరల్ని అమ్మ చిన్నప్పటి నుంచి సంతలో చూస్తూనే ఉంది. పసుపు, చింతపండు, కొండచీపుళ్లు దింపుకుని వస్తారు. అమ్మకి తెలిసింది అంతే. మిగతాది నేను చదివి తెలుసుకున్నాను.

సవర గోడ బొమ్మని ఎడిసింగె అంటారు. సవర భాషలో గీయడానికీ, రాయడానికీ మాట ఒకటే. అంటే వాళ్లకి ఆ బొమ్మ ఇంటి మీద రాత. మట్టిగోడకి ఎర్రమన్ను పూస్తారు. బియ్యప్పిండి కలిపిన నీళ్లు తెల్లరంగు. పుల్ల చివర నలగ్గొడితే అదే బ్రష్. చాలామంది చూసి "ఇది వార్లీ కదా" అంటారు. కాదండి, వార్లీ మహారాష్ట్రది. సవర బొమ్మలో ముందు చట్రం గీసి, అంచుల నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. సూర్యుడు, చంద్రుడు, చెట్లు, గుర్రాలు, ఏనుగులు, మనుషులు అందులో ఉంటారు.

ఈ బొమ్మలు అలంకారానికి కాదు. ఇంట్లో రోగం వచ్చినా, పంట బాగా పండాలన్నా, చనిపోయిన పెద్దల్ని తలుచుకోవాలన్నా వేయిస్తారు. వెరియర్ ఎల్విన్ 1940ల్లో ఒడిశా వైపు కొండల్లో సవరల మధ్య తిరిగాడు. 1951లో ఆదివాసీ కళ మీద, 1955లో సవరల మతం మీద పుస్తకాలు వేశాడు. ఆయన రాసిన ఒక విషయం నాకు చాలా నచ్చింది. బొమ్మ పూర్తయ్యాక పూజారి ఆ చనిపోయిన మనిషిని పిలుస్తాడట. "నీ ఇల్లు ఇదిగో, చూసుకో" అని. ఇది లేదు, అది లేదు అని వాళ్లు పూజారి నోట చెప్తే, బొమ్మ వేసినాయన మళ్లీ చేర్చాలి. బెర్లిన్‌లో పర్మిషన్ గోడ ఓనర్ ఇస్తే, ఇక్కడ ఇంటి పెద్దలు ఇస్తారు, అదీ చనిపోయాక!

ఇంకో సంగతి. నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది. 1931లో గుణుపూర్ దాకా వెళ్లింది. అది సవర కొండల అంచు. ఎల్విన్ చూసిన బొమ్మల్లో రైలు, విమానం, సైకిలు కూడా ఉన్నాయి. పెద్దలు తిరగడానికి కొత్త బళ్లు కావాలి కదా! ఆదివాసీ కళ మారకుండా ఉండిపోయింది అనే మాట తప్పు అని ఈ ఒక్క సంగతి చాలు.

అదే పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారిని మనం ఆగస్టు 29న తెలుగు కోసం తలుచుకుంటాం. ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. పక్కవాడి దగ్గరికి వెళ్లి, కూర్చుని నేర్చుకోవడం ఎలాగో మన ఏరియాలో చూపించింది ఆయనే.

మరి ఇప్పుడు? మట్టిగోడలు పోతున్నాయి. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటిన రాత్రి చూసినవాళ్లెవరూ మట్టి ఇల్లే ఉంచుకోండి అని చెప్పలేరు. స్లాబ్ ఇల్లు వాళ్ల హక్కు. కొన్ని ఊళ్లలో నమ్మకాలు కూడా మారాయి. అది కూడా వాళ్ల ఇష్టమే. కానీ అక్కడ గోడ మీంచి దిగిన బొమ్మ ఇక్కడ కాన్వాస్ మీదికి, చీరల మీదికి, కేఫ్ గోడల మీదికి వస్తోంది. వేసినవాళ్ల పేరు మాత్రం చాలాచోట్ల ఉండదు.

మా ఊరి ఇంటి ప్రహరీ మీద సవర గుర్రం వేద్దాం అని మా గుంట అడుగుతోంది. గోడ మాదే. కానీ గుర్రం మాది కాదు. అందుకని సవర ఆర్టిస్టుని పిలిచి, కూలి కాదు, ఆర్టిస్టు ఫీజే ఇచ్చి వేయిద్దాం అనుకున్నాం. ఏ బొమ్మ బయట గోడ మీద వెయ్యొచ్చో, ఏది ఇంట్లో పెద్దల కోసమే ఉండాలో ఆయనే చెప్తారు. కింద ఆయన పేరు ఉంటుంది. పక్కన అమ్మ ముగ్గు ఉంటుంది, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

మీరూ ఎక్కడైనా ఇలాంటి బొమ్మ కనిపిస్తే ఫోన్ తీసేముందు ఇంటివాళ్లని ఒక్కమాట అడగండి. వేసింది ఎవరో కూడా అడిగి, పోస్ట్ చేసేటప్పుడు ఆ పేరు రాయండి.