బందరు కోట: బురద నేల, ఉప్పెన

మచిలీపట్నం రేవును కాచిన బందరు కోట బలాన్ని గోడలు, ఫిరంగుల లెక్కతోనే అంచనా వేయకండి. ఇక్కడ తీరసముద్రం లోతు తక్కువ. అందువల్ల పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకు పడవలలో ఒడ్డుకు చేరేది. కోట చుట్టూ ఉన్న బురద నేలే దానికి సహజ రక్షణ.

1759లో ఫ్రెంచివారి చేతిలో ఉన్న ఈ కోటను కర్నల్ ఫోర్డు ముట్టడించాడు. లోపలి సైన్యం అతని కంపెనీ సైన్యం కన్నా పెద్దది. ఫ్రెంచివారికి సాయంగా సలాబత్ జంగ్ సేనలతో వస్తున్నాడు. అందుకే ఫోర్డు ఆగలేదు. ఏప్రిల్ 7 రాత్రి ఒక దళాన్ని నైరుతి దిక్కున బురద దాటించాడు. విజయనగరం రాజు సేనలు మరోచోట అలజడి రేపాయి. అసలు దాడి ఈశాన్యం నుంచి సాగింది. కలవరపడిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. సలాబత్ జంగ్ మే నెలలో బందరు ప్రాంతాన్ని ఆంగ్లేయులకే ఇచ్చాడు.

ఆ కోట సైనిక ప్రాధాన్యాన్ని చివరకు ముగించినది శత్రువు కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. మరుసటి ఏడాది సైన్యం కోటను విడిచింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదీ ఉప్పెనే.

ఆలోచించండి: కోటకు రక్షణ అయిన పల్లపు నేల, జనానికి ఎందుకు ప్రమాదమైంది?