దేవుడి హోదాకు సెనేట్ మంజూరు: రోమ్ షాహీ ఖాందాన్ కహానీ

మనలో ఎవరైనా ఇంతఖాల్ అయితే మయ్యత్‌కు గుసుల్ ఇస్తాం, కఫన్ చుడతాం, జనాజా నమాజ్ చదివి మట్టి ఇస్తాం. ఆ తర్వాత వాళ్ల హిసాబ్-కితాబ్ పైవాడి చేతిలోది. పాత రోమ్‌లో షాహీ ఖాందాన్‌కు మాత్రం ఇంకో పని మిగిలి ఉండేది. చనిపోయినవాళ్లను దేవుళ్లలో చేర్చాలా వద్దా అని సెనేట్ తీర్మానం చేసేది. తీర్మానం పాసైతే గుడి, పూజారి, బలులు. పాస్ కాకపోతే సమాధి ఒక్కటే.

నేను ఈ తారీఖ్ చదవడం మొదలుపెట్టింది బాద్‌షాల కోసమే. కానీ నన్ను పట్టి ఆపినవాళ్లు బాద్‌షాలు కాదు. వాళ్ల బేగంలు, చెల్లెళ్లు, పాలు తాగే పసిపిల్లలు. ఆ ఇంట్లో ఎవరిని దేవతను చేశారు, ఎవరిని చేయలేదు, ఎందుకు అని అడుగుతూ పోతే సల్తనత్ లోపలి అసలు హాలత్ బయటపడుతుంది.

సిల్‌సిలా జూలియస్ సీజర్‌తో మొదలైంది. క్రీ.పూ. 44 మార్చి 15న సెనేటర్లే ఆయన్ని పొడిచి చంపారు. ఆ జూలైలో ఆయన యాదిలో ఆటలు జరుగుతుంటే ఆస్మాన్‌లో తోకచుక్క కనిపించింది. అది సీజర్ రూహేనని అవామ్ నమ్మింది. క్రీ.పూ. 42లో సెనేట్ ఆయన్ని దేవుడిగా ఎలాన్ చేసింది. మరి ఫాయిదా ఎవరికి? పోయినాయనకు కాదు, ఆయన దత్తపుత్రుడు ఆక్టేవియన్‌కు. ఇరవై ఏళ్ల ఆ కుర్రాడు తన పేరు పక్కన 'దివీ ఫిలియుస్' అని రాసుకోసాగాడు. అంటే దివ్యుడి కొడుకు. ఆయనే తర్వాత అగస్టస్ అయ్యాడు. లాటిన్‌లో అనాదిగా ఉన్న దేవుడు 'దేవుస్', మనిషిగా బతికి దేవుడైనవాడు 'దివుస్'. మన దేవ, దివ్య అనే మాటలకు ఇవి దూరపు చుట్టాలే.

ఆ రుత్బా మన ఇలాఖా దాకా కూడా వచ్చింది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల కుప్ప ఒకటి దొరికింది. అందులో అగస్టస్, తిబెరియస్‌ల సిక్కాలున్నాయి. తిబెరియస్ నాణేల మీద మామూలుగా కనిపించే రాత 'దివ్య అగస్టస్ కొడుకు' అనే. ఆ వెండి నాణెం పేరు దెనారియుస్. అరబ్బీలో దీనార్ అన్న మాట దాని నుంచి వచ్చిందే.

అగస్టస్ క్రీ.శ. 14 ఆగస్టు 19న చనిపోయాడు. నుమేరియస్ అట్టికస్ అనే సెనేటర్ లేచి, ఆయన ఆస్మాన్‌కు ఎక్కిపోతుంటే నా కళ్లతో చూశానని కసమ్ తిన్నాడు. ఆ గవాహికి బేవా లివియా పది లక్షల సెస్టర్సులు ఇచ్చిందని చరిత్రకారుడు దియో రాశాడు. సెప్టెంబర్ 17న సెనేట్ మంజూరు చేసింది. లివియా తన షౌహర్‌కే పూజారిణి అయింది.

ఆ లివియా కథే చూడండి. 29లో ఆమె చనిపోతే, దేవతను చేయడానికి వీల్లేదన్నవాడు సొంత కొడుకు, అప్పటి బాద్‌షా తిబెరియస్. తనకు కూడా స్పెయిన్‌వాళ్లు గుడి కడతామంటే, నేను మామూలు మనిషినేనని కాదన్నాడు. పదమూడేళ్ల తర్వాత, 42లో, మనవడు క్లాడియస్ ఆమెను దేవతను చేశాడు. అది ఒట్టి మొహబ్బత్ కాదు. క్లాడియస్ అగస్టస్ ఔలాద్ కాదు, లివియా మొదటి పెళ్లి కొడుక్కు పుట్టినవాడు. తఖ్త్ మీద తన హక్ గట్టిపడాలంటే నానమ్మ దేవత కావడం జరూరీ.

అంతకంటే ముందే, 38లో, కలిగులా తన చెల్లెలు ద్రుసిల్లాను దేవతను చేశాడు. ఆమెకు ఇరవై ఒక్కేళ్లు. రోమ్‌లో ఆ హోదా పొందిన మొదటి స్త్రీ ఆమే. మళ్లీ ఒక సెనేటర్ గవాహి, మళ్లీ పది లక్షలు. మాతం రోజుల్లో నవ్వినా, స్నానం చేసినా, పెళ్లాంబిడ్డలతో కూర్చుని తిన్నా మరణశిక్షే అని హుకుం జారీ అయింది. ఆ రోజుల్లో వేడినీళ్లు అమ్మినందుకు ఒక మనిషిని చంపించారని దియో రాశాడు. అతను చేసింది బగావత్ కాదు, రోజువారీ బేరం.

ఇదంతా రోమన్లు సిద్‌ఖ్ దిల్‌తో నమ్మారా అని మీరు అడగొచ్చు. కొందరు నమ్మారు, కొందరు చాటుగా నవ్వుకున్నారు. 54లో క్లాడియస్ చనిపోతే జనాజా రోజు నీరో చదివిన తారీఫ్ రాసించ్చింది సెనెకా. అదే క్లాడియస్ దేవుడయ్యే తతంగం మీద కడుపుబ్బ నవ్వించే మజాక్ కితాబ్ రాసింది కూడా ఆయనే అని పండితుల మాట. దర్బార్‌లో ఒక జుబాన్, ఇంట్లో ఒక జుబాన్.

నీరో కాలానికి నవ్వే వీలు కూడా పోయింది. 63 జనవరిలో అతనికీ పొప్పేయాకూ కూతురు పుట్టింది. నాలుగు నెలలు నిండకుండానే పోయింది. ఆ పసిపాపను దేవతను చేసి, గుడినీ పూజారినీ మంజూరు చేశారు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి గమ్‌ను నేను తక్కువ చేయను. కానీ ఆ గమ్ సర్కారీ హుకుం అయింది. 65లో పొప్పేయా కూడా పోయింది. గర్భంతో ఉన్న ఆమెను నీరో కోపంలో తన్నాడని టాసిటస్ రాశాడు. ఆ తన్నినవాడే ఆమెను దేవతను చేయించాడు.

త్రసేయా పేటస్ అనే సెనేటర్ ఆ జనాజాకు వెళ్లలేదు. కత్తి పట్టలేదు, ఫౌజును పిలవలేదు, ఊరికే రాలేదు. 66లో అతని మీద మోపిన ఇల్జాముల్లో పొప్పేయా దేవత అని నమ్మకపోవడం కూడా ఒకటి. సెనేట్ మరణశిక్ష వేసింది, ఎలా చావాలో మాత్రం అతనికే వదిలింది. తన ఇంట్లోనే నరాలు కోసుకుని ప్రాణం వదిలాడు.

నాకు ఈ కహానీ అంతా ఇక్కడే తేటపడింది. సీజర్ నాడు సెనేట్ మరణించినవాళ్లకు ఇజ్జత్ ఇచ్చింది. నూరేళ్లు తిరిగేసరికి బతికి ఉన్నవాళ్ల దిల్ తెరిచి చూపించమంది. ఎవరు దేవుడో తీర్మానం చేసే హక్ హుకూమత్‌కు ఇస్తే, ఎవరు నమ్మడం లేదో లెక్కతీసే హక్ కూడా వెంటే వెళ్తుంది. అక్కడ అఖీదా వఫాదారీకి ఇంతెహాన్ అయిపోతుంది.

ఈ రివాజ్ నీరోతో ఆగలేదు. దొమిషియన్ పసితనంలోనే పోయిన తన కొడుకును దివ్యుడన్నాడు. నాణెం మీద ఆ పిల్లాడు భూగోళం మీద కూర్చుని, చుట్టూ ఏడు నక్షత్రాలతో ఆడుకుంటున్నట్టు ఉంటాడు. 140లో చనిపోయిన ఫౌస్టీనాకు షౌహర్ ఆంటోనినస్ పయస్ కట్టించిన గుడి రోమ్ ఫోరంలో ఇప్పటికీ ఉంది. తర్వాతి కాలంలో దాన్ని చర్చి చేశారు కాబట్టి స్తంభాలు నిలిచాయి.

దేవతలైనవాళ్ల పేర్లన్నీ ఇలా రాళ్ల మీద, సిక్కాల మీద బతికాయి. వేడినీళ్లు అమ్మినందుకు జాన్ పోగొట్టుకున్నవాడి పేరు మాత్రం దియో రాయలేదు. మీ పిల్లలకు రోమ్ బాద్‌షాల గురించి చెప్పేటప్పుడు ఆ పేరు లేని మనిషి గురించి కూడా ఒక మాట చెప్పండి.